ఎస్ఐ ప్రమాణాలా, గాసియన్ ప్రమాణాలా?

విద్యుదావేశాల మధ్య బలాన్ని చెప్పే ఒకే కూలుంబ్ సూత్రం రెండు పుస్తకాల్లో రెండు రూపాల్లో కనిపిస్తే డిగ్రీ విద్యార్థి తికమకపడటం సహజం. మీటరు, కిలోగ్రాము, సెకను, ఆంపియర్లపై ఆధారపడిన ఎస్ఐ పద్ధతిలో దాని ముందు దాదాపు 9×10⁹ విలువ గల స్థిరాంకం ఉంటుంది. సెంటీమీటరు, గ్రాము, సెకనులపై ఆధారపడిన గాసియన్ పద్ధతిలో అది కేవలం 1.

ప్రయోగశాలలో ఎస్ఐకి తిరుగులేదు. మీటరు చూపేది వోల్టులు, ఆంపియర్లే. గాసియన్‌లో ఆవేశానికి ప్రమాణమైన స్టాట్‌కూలుంబ్‌లతో అక్కడ పని లేదు. పరీక్షలకూ ఇదే నేర్చుకోండి.

అయినా గాసియన్ పద్ధతిపై నాకున్న ఇష్టాన్ని దాచలేను. శూన్యంలో సాగే కాంతి తరంగాన్ని తీసుకోండి. ఎస్ఐలో అయస్కాంత క్షేత్రం విలువ విద్యుత్ క్షేత్రం విలువను కాంతి వేగంతో భాగించినంత. ఆ చిన్న సంఖ్యను చూసి, తరంగంలో అయస్కాంత క్షేత్రానిది నామమాత్రపు పాత్ర అని చాలామంది పొరబడతారు. నిజానికి రెండు క్షేత్రాల్లోనూ ఉండే శక్తి సమానం. గాసియన్‌లో రెండింటి విలువా ఒకటే కనుక ఈ సమానత్వం చూడగానే తెలుస్తుంది. పైగా ఆవేశంపై ఈ క్షేత్రాలు చూపే బలాన్ని చెప్పే లోరెంజ్ బల సూత్రంలో, గాసియన్ పద్ధతిలోనైతే, ఆవేశం వేగాన్ని కాంతి వేగంతో భాగించిన నిష్పత్తి కనిపిస్తుంది. సాపేక్షతా సిద్ధాంతానికి దారి అక్కడే తెరుచుకుంటుంది. సాపేక్షతా అధ్యాయానికి చేరినప్పుడు, విద్యుత్, అయస్కాంత క్షేత్రాలను వర్ణించే మాక్స్‌వెల్ సమీకరణాలు నాలుగింటినీ గాసియన్‌లో మీ చేత్తో ఒకసారి తిరగరాయండి. ఒక్క సాయంత్రం చాలు.