చెట్ల పనికి కొటేషన్ సాఫ్ట్‌వేర్: యాప్ మేలా, షీట్ మేలా, అమెరికా మేలా?

నల్లగొండలో చెట్టు కొట్టించాలని మేస్త్రిని పిలిస్తే చెట్టు చుట్టూ తిరిగి చూడకముందే ఆయన అడిగే మాట ఒకటుంది. "కట్టె ఎవరిదో ముందుగాల చెప్పుర్రి సార్, అటెన్క రేటు చెప్త." వేపో తుమ్మో అయితే కట్టె ఆయనే తీసుకుపోయి అమ్ముకుంటాడు, కూలి అందులోనే వెళ్లిపోతుంది, మొద్దు లావుగా ఉంటే ఎదురు మనకే డబ్బులిస్తాడు. అదే ఇంటి మీదికి వంగిన కొబ్బరి చెట్టయితే ఆ కట్టె ఎవరికీ అక్కర్లేదు కాబట్టి కూలంతా మనమే కట్టాలి.

ఈ పని చేసేవాళ్ల కోసం కొటేషన్ సాఫ్ట్‌వేర్ వ్యాపారం పెడతానని దేవరకొండ తమ్ముడొకడు సలహా అడిగాడు. తన ముందు మూడు దారులున్నాయి: మన మేస్త్రిలకు సొంత యాప్ కట్టడం, గూగుల్ షీటూ వాట్సాపూ పెట్టుకుని చిన్నగా మొదలుపెట్టడం, ఇక్కడే కూర్చుని అమెరికా ట్రీ కంపెనీలకు అమ్మడం.

అమెరికా సంగతి ముందు చెప్తా, డబ్బు ఎక్కువ అక్కడే కాబట్టి. చెట్టు కొట్టడం, కొమ్మలు తీయడం, మొద్దును గ్రైండర్‌తో పొడి చేయడం, చెత్త ఎత్తడం, ఇవన్నీ వేరువేరు లైన్లుగా రాసి ఈమెయిల్ చేస్తే కస్టమర్ ఫోన్లోనే సంతకం పెట్టేస్తాడు. నెలనెలా డబ్బు కట్టి సాఫ్ట్‌వేర్ వాడటం వాళ్లకు మామూలే. కానీ జాబర్, ఆర్బర్‌గోల్డ్, సింగిల్‌ఆప్స్ లాంటి సాఫ్ట్‌వేర్లు అక్కడ ఇప్పటికే ఉన్నాయి. జూన్ నుంచి నవంబర్ దాకా హరికేన్ల సీజన్, గాలికి చెట్లు పడిన రోజే కొటేషన్ల ఒత్తిడి, ఆ రోజు మన సాఫ్ట్‌వేర్ ఆగితే మన అర్ధరాత్రి వాళ్ల ఫోన్ ఎత్తాలి. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లి ఐటీ టవర్‌లో నలుగురిని పెట్టుకుని రాత్రి షిఫ్ట్ నడపొచ్చు, దానికి నేను భయపడను. నా భయమల్లా, అక్కడ ఎస్టిమేట్ వేసే మనిషి పక్కన ఒక్కరోజైనా నిలబడి చూడకుండా అతని కోసం సాఫ్ట్‌వేర్ ఎట్లా రాస్తామని.

కొలతలు కూడా వేరు. అక్కడ నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తులో మాను అడ్డకొలత, అంటే వ్యాసం రాస్తారు. మన మేస్త్రి టేపు మాను చుట్టూ తిప్పుతాడు. చుట్టుకొలత 60 అంగుళాలుంటే వ్యాసం 19 అంగుళాలే. అక్కడి ఫార్ములా తెచ్చి మన యాప్‌లో పెట్టి, మేస్త్రి ఆ గడిలో 60 అని కొడితే చెట్టు ఉన్నదానికి మూడింతలు లావుగా లెక్కకొస్తుంది. ఒక్కసారి అట్లా తప్పు రేటు చూపిస్తే ఆయన ఆ యాప్ మళ్లీ తెరవడు.

సొంత యాప్ విషయంలో నాకు అనుభవం ఉంది. పోయినేడు బాబాయి వాళ్ల పాత బత్తాయి తోట తీయించేటప్పుడు ఎస్టిమేట్ కోసం నేనే ఒక చిన్న యాప్ రాశాను. చెట్ల సంఖ్య, చుట్టుకొలత, కూలీల రోజులు అన్నీ పెట్టాను. మొద్దులు పెకిలించే జేసీబీ గంటలు, ట్రాక్టర్ ట్రిప్పులు పెట్టలేదు. పని సగంలో డబ్బుల దగ్గర మాట పెరిగింది, బాబాయికీ మేస్త్రికీ మధ్య రెండు రోజులు నేనే నలిగాను. అదే షీట్ అయితే ఆ సాయంత్రమే ఇంకో రెండు కాలమ్‌లు కలిపేవాణ్ణి. యాప్‌ను మార్చడానికి నాకు రెండు వారాలు పట్టింది.

అందుకే షీట్ మేలంటాను. కట్టె ఎవరిది అనేది మొదటి కాలమ్. కరెంటు తీగలు తగులుతాయా, తగిలితే ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే పని అయ్యేదాకా ఆ లైన్‌లో కరెంటు ఆపించడం) ఎవరు తీసుకోవాలి. 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద చాలా రకాల చెట్లు నరకడానికి పర్మిషన్ కావాలి కదా, ఆ దరఖాస్తు యజమాని పెడతాడా, మేస్త్రి పెడతాడా. మేస్త్రి వాయిస్ మెసేజ్‌లో ఇవి చెప్తే తమ్ముడు షీట్‌లో నింపి, తెలుగులో పీడీఎఫ్ చేసి వాట్సాప్‌లో పంపాలి. నెలకింత అంటే మనవాళ్లు కట్టరు, కొటేషన్‌కు ఇరవై రూపాయలంటే కడతారు, స్కూళ్లు, అపార్ట్‌మెంట్ల పనికి కాగితం లేనిదే ఆర్డర్ రాదని వాళ్లకు తెలుసు కాబట్టి.

వైద్యం లాంటి పనులు మాత్రం ఈ షీట్‌లో ఇమడవు. 2018లో మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి చెదలు పట్టినప్పుడు సెలైన్ సీసాలతో మందు ఎక్కించారు, అట్లాంటి పనికి ఎన్నిసార్లు రావాలో ముందే ఎవరు చెప్తారు? దానికి వచ్చినప్పుడల్లా ఇంత అని రాసుకోవడమే.

బత్తాయి కోత అయ్యాక ఎండు పుల్లలు తీసే పని మొదలవుతుంది, ఒకే రకం చెట్లు, వందల్లో లెక్క, అక్కడ షీట్ బాగా పనికొస్తుంది. తమ్ముడికి అదే చెప్పాను: ఈ సీజన్ అయిదుగురు మేస్త్రిల వెంట తిరుగు, ఉద్యోగం మానకు, వంద కొటేషన్లు పోయాక కూడా కాలమ్‌లు మారకుండా నిలబడితే అప్పుడు యాప్ రాయి. అమెరికా మాట, అక్కడ ట్రీ కంపెనీలో పనిచేసే మనవాడెవరైనా వాళ్ల పాత కొటేషన్లు నీ ముందు పెట్టిన రోజు చూద్దాం.