నల్ల టీఐకీ, గోధుమరంగు టీఐకీ ఒకే కార్ట్రిడ్జ్

తార్నాకలో ఒక ఇంజనీరింగ్ కుర్రాడు పాత కంప్యూటర్లకు కార్ట్రిడ్జులు, అంటే మిషన్‌లో దూర్చే ప్రోగ్రాం డబ్బాలు, చేసిస్తున్నాడు. మన ప్రోగ్రాం ఇస్తే చిప్‌లో ఎక్కించి, బోర్డు మీద అతికి, డబ్బాలో బిగించి ఇస్తాడు. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ (టీఐ) వాళ్ల పాత ఇంటి కంప్యూటర్ టీఐ-99/4ఏ కోసం నేను ఒకటి చేయించుకున్నాను. ₹2,400 అయింది. ఎక్కువే, కానీ ఊరికే తీసుకోలేదు.

మా ఇంట్లో ఈ మిషన్లు రెండున్నాయి. నలుపూ వెండీ కలిసినది డల్లస్ నుంచి మా బాబాయి పట్టుకొచ్చాడు. లేత గోధుమరంగుది చుట్టాల అటక మీద దొరికింది. రెండిట్లోనూ అదే టీఎంఎస్9900, 3 మెగాహెర్ట్జ్, 16 బిట్ల ప్రాసెసర్. రెండూ 110 వోల్టులవే, స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ప్లగ్ పెట్టారో, ఇక అంతే సంగతులు. అయితే గోధుమరంగు వాటిలో కొన్నింటికి మొదటి స్క్రీన్ అడుగున 1983, వీ2.2 (అంటే వెర్షన్ 2.2) అని కనిపిస్తుంది. తంటా అంతా వాటితోనే.

ఈ మిషన్ కార్ట్రిడ్జ్‌లో ఏ ప్రోగ్రాములున్నాయో వెతికి మెనూలో పేర్లు చూపిస్తుంది. పాతది రెండు చోట్ల వెతుకుతుంది: టీఐ సొంత చిప్ అయిన గ్రోమ్‌లోనూ, మామూలు రోమ్ చిప్‌లోనూ. బయటి కంపెనీలు గ్రోమ్ జోలికి పోకుండా ఉత్త రోమ్‌తో ఆటలు అమ్ముకుంటున్నాయి కదా, అందుకని వీ2.2లో రోమ్ వైపు చూడటమే మానిపించారు. అటారీసాఫ్ట్ కంపెనీ ఆటలు ఆ దెబ్బకు ఇందులో నడవకుండా పోయాయి. తీరా 1983 అక్టోబర్‌లో టీఐ ఇంటి కంప్యూటర్ల వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. తాళం వేసినవాళ్లు ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయారు, తాళం మాత్రం మన నెత్తిన పడింది.

నేను ఎక్కించమన్నది మా మనవడి కోసం రాసిన అక్షరమాల. టీఐలో ఒక్కో అక్షరానికి 8×8 చుక్కల గడి ఇస్తారు. ఏ, బీ, సీలకు అది చాలు, మన 'ఋ'కీ 'క్ష'కీ ఎక్కడ సరిపోతుంది? నాలుగు గడులు కలిపి ఒక్కో అక్షరం గీశాను, అంటే 32 బైట్లు. మొత్తం 8 కిలోబైట్ల రోమ్‌లో ఇమిడిపోయింది.

కుర్రాడి దగ్గర నల్ల మిషనే ఉంది. అందుకని నా గోధుమరంగుదాన్ని సంచిలో పెట్టుకుని మెట్రో ఎక్కాను. ముందు అతని చౌక రకం, ₹900ది, రోమ్ ఒక్కటే ఉన్నది పెట్టి చూశాం. నల్లదాంట్లో పేరు వచ్చింది. నాదాంట్లో '1 నొక్కితే టీఐ బేసిక్' అన్న ఒక్క లైనే. ఎవరైనా కార్ట్రిడ్జ్ పాడైందనే అనుకుంటారు.

"ఆంటీ, రెండోది మీరే పెట్టండి, నాకు టెన్షన్‌గా ఉంది" అన్నాడు. (అమ్మమ్మనయ్యాక ఆంటీ అనిపించుకోవడం లాభమే.) దూర్చగానే మిషన్ దానంతటదే రీసెట్ అయింది, టీఐ తీరే అంత. ఏదో ఒక కీ నొక్కితే, బేసిక్ కింద రెండో లైన్‌లో నా ప్రోగ్రాం పేరు!

ఈ ఖరీదైన బోర్డు మీద రెండు చిప్‌లున్నాయి. ఒకటి 27సీ64 ఈప్రోమ్ (చెరిపి మళ్లీ రాసుకోగల రోమ్), కోఠి గుజరాతీ గల్లీలో ఏరుకొచ్చిన పాత సరుకు, గాజు కిటికీ మీద నల్ల స్టిక్కర్. రెండోది గ్రోమ్ వేషం కట్టిన ఏవీఆర్ మైక్రోకంట్రోలర్, అంటే బుల్లి కంప్యూటర్ చిప్. అసలు గ్రోమ్ బజార్లో దొరకదు, దాని నడతా వేరు. ఎక్కడి నుంచి చదవాలో చెప్పే అడ్రస్‌ను రెండు బైట్లుగా విడగొట్టి పంపాలి, ఆపైన చదివినప్పుడల్లా అదే ఒక అడుగు ముందుకు జరుగుతుంది. ఏవీఆర్ ఇదంతా నటిస్తూ మెనూకు పేరు అందిస్తుంది, ఆ పేరు ఎంచుకోగానే రోమ్‌లోని అసలు ప్రోగ్రాంకు దారి చూపిస్తుంది. పాత మిషన్ రెండు చోట్లా వెతుకుతుంది కాబట్టి పేరు రెండుసార్లు రావాలి. రాలేదు. రోమ్‌లో ఉన్న పేరును అతను ముందే తీసేశాడు, నేను అడక్కుండానే. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

నచ్చనివీ ఉన్నాయి. బోర్డు అంచు ఏటవాలుగా అరగదీయలేదు. అసలే ఈ మిషన్లలో కార్ట్రిడ్జ్ స్లాట్ బలహీనం, ఆ పదును అంచు గీసుకుంటే పిన్నులు పోతాయి. చెప్పాక ఆకురాయి పట్టి ఇచ్చాడు. త్రీడీ ప్రింట్ డబ్బా మరీ బిర్రు, తీసేటప్పుడు మిషన్‌ని ఒక చేత్తో అదిమిపట్టాలి. లేబుల్ తడి చెయ్యి తగిలితే అలుక్కుపోతోంది.

మీ దగ్గర నల్లది ఒక్కటే ఉంటే ₹900ది చాలు. గోధుమరంగుదైతే ముందు స్విచ్చేసి వీ2.2 ఉందో లేదో చూడండి, లేకపోతే దానికీ చౌకదే సరిపోతుంది. పెద్ద ఆటలు ఎక్కించుకోవాలనుకునేవాళ్లు మాత్రం ఒకటి అడిగి తెలుసుకోవాలి. చాలావాటికి 32 కిలోబైట్ల అదనపు మెమొరీ కావాలి, ప్రాసెసర్‌కు మిషన్‌లో సొంతంగా ఉన్నది 256 బైట్లే. ఈ కార్ట్రిడ్జ్ ఆ లోటు తీర్చదు.

చెప్పిన గడువుకు మాత్రం ఇవ్వలేదు, సెమిస్టర్ పరీక్షలట. పరీక్షలు లేని నెల చూసుకుని ఆర్డరివ్వండి.