చేదు కుట్టా, తీపి కుట్టా: మందుకు ఏది మేలు?

నవరాత్రులకు కుట్టు (బక్‌వీట్) పిండి కొన్నవాళ్లు ఏటా అడిగే మాట: షుగరుకు, రక్తనాళాలకు మంచిదని చెప్పే చేదు కుట్టు ఇదేనా? కాదు. ఉపవాసాలకు దొరికేది మామూలుగా తీపి రకం. నేపాల్‌లో దీన్ని మిఠే ఫాపర్ అంటారు, చేదు రకాన్ని తీతే ఫాపర్ అంటారు. గింజ చూస్తే తెలిసిపోతుంది. తీపిది నున్నగా, మూడు పదునైన అంచులతో ఉంటుంది. చేదుది చిన్నది, గరుకు, ముఖాల మీద గాడి. పైగా మొండిది: తీపి రకం పూతకు తేనెటీగలు రావాలి, చేదుది వాటి సాయం లేకుండానే గింజ కడుతుంది. అందుకే హిమాలయాల్లో బాగా ఎత్తున, చలి పొలాల్లో నిలిచేది ఇదే.

మందు గుణమంతా గింజలో ఉండే రూటిన్ అనే పదార్థానిదే అంటారు. తీపి గింజలో అది 0.01 శాతం దగ్గర ఉంటే, చేదు గింజలో 1 శాతం అటూఇటూ. లెక్క ఇక్కడితో తేలిపోయినట్టే, కానీ తిరకాసంతా నీళ్లలో ఉంది. రూటిన్‌ను విరగ్గొట్టే ఎంజైమ్ కూడా ఆ గింజలోనే ఉంటుంది. పిండికి చన్నీళ్లు తగిలితే నిమిషాల్లో పని మొదలుపెడుతుంది. రూటిన్ పోయి, నాలుక ముడుచుకునే చేదు మిగులుతుంది. రాగి జావకు చేసినట్టు ముందు చన్నీళ్లలో కలిపి పొయ్యెక్కిస్తే జరిగేది అదే. మరుగుతున్న నీళ్లలోనే పిండి కొద్దికొద్దిగా చల్లుతూ గిలకొట్టాలి. నాలుగు ఉండలు కడితే కట్టనివ్వండి.

ఇంతకంటే తేలిక, వేయించిన చేదు గింజల టీ. 200 మి.లీ. మరిగే నీళ్లకు ఒక టీస్పూను గింజలు, మూతపెట్టి 5 నిమిషాలు. 1 గ్రాము రూటిన్ కరగడానికి మరిగే నీళ్లు 200 మి.లీ. చాలు, చన్నీళ్లయితే 8 లీటర్లు కావాలి. అడుగున మిగిలిన గింజల్ని నమిలేయండి, వాటిలో ఇంకా ఉంటుంది. షుగరు మాత్రలు మాత్రం ఆపొద్దు.

రొట్టెలకు, పకోడీలకు తీపిదే. గ్లూటెన్ లేదు కాబట్టి పిండి విరిగిపోతుంది. ఉడికించిన ఆలుగడ్డ మెదిపి కలిపితే నిలుస్తుంది. ఏ రకమైనా పిండి త్వరగా ముక్కిపోతుంది. ఫ్రిజ్‌లో పెట్టి నెలలోపు వాడండి, వాసన మారితే పారేయండి.

అడవి కుట్టు మూడోది, ఏళ్లతరబడి బతికే దుంప మొక్క. దుంపను చైనా వైద్యంలో ఊపిరితిత్తుల చీముకు వాడతారు. అది వైద్యుడి పని. కొండల్లో లేతాకు కూర వండుతారు. కుట్టు రకాలన్నిటి ఆకుల్లో, పూలలో ఫాగోపైరిన్ అనే పదార్థం ఉంటుంది. ఎక్కువ తిని ఎండలోకి వెళ్తే చర్మం మండుతుంది. ఒక రకం కుట్టుతో దద్దుర్లో ఆయాసమో వచ్చినవాళ్లు రెండోది కూడా ముట్టుకోవద్దు.