బ్యాడ్జీ చూసి కొన్న ఎస్‌యూవీ: అయిదేళ్ల తర్వాత

మూడేళ్లు వాడిన ఎస్‌యూవీని కొని అయిదేళ్లయింది. నా చేతిలో 80 వేల కిలోమీటర్లు తిరిగింది. ఇంజన్, గేర్‌బాక్స్‌లకి వంక పెట్టడానికేం లేదు. నా గోలంతా వేరియంట్ గురించే, అంటే ఒకే మోడల్‌లో ధరని బట్టి హంగులు మారే రకం గురించి. టాప్ ఎండ్ అనుకుని కొన్నది మిడ్ వేరియంట్ అని రెండు నెలలకి తెలిసింది.

డిక్కీ తలుపు మీద టాప్ వేరియంట్ పేరు మెరుస్తోంది. 17 అంగుళాల అలాయ్ చక్రాలు, పెద్ద టచ్‌స్క్రీన్, లెదర్ కవర్లు, సన్‌రూఫ్. మనసు పారేసుకున్నాను. స్టీరింగ్ పక్కన మూడు బటన్లు ఉండాల్సిన చోట ఖాళీ మూతలున్నా పట్టించుకోలేదు. స్టెప్నీ 16 అంగుళాలదే. చాలా కార్లకి స్టెప్నీ చిన్నదే ఇస్తారు కాబట్టి అదొక్కటే రుజువు కాదు గానీ, కనీసం అనుమానమైనా రావాల్సింది.

బ్రేకులు చూడమంటే మెకానిక్ వెనక చక్రం విప్పి, "టాప్ ఎండ్ అన్నారు, వెనక డ్రమ్ము బ్రేకులున్నాయేంటండీ?" అన్నాడు. ఈ కారు టాప్ వేరియంట్‌కి నాలుగు చక్రాలకీ డిస్క్ బ్రేకులే. అలాయ్ సందుల్లోంచి టార్చి వేసి చూసినా కొనేముందే తెలిసిపోయేది. ఇంటికొచ్చి డ్రైవర్ డోరు తెరిచి, స్తంభం మీద కంపెనీ అంటించిన స్టిక్కర్ చదివాను. టైరు కొలత 215/65 ఆర్16 అని మాత్రమే ఉంది. నా కారుకున్నవి 215/60 ఆర్17. రెండింటి మొత్తం ఎత్తులో తేడా నాలుగు మిల్లీమీటర్లే, అందుకే చూపుకి దొరకలేదు. టైరు పక్క గోడ మాత్రం సెంటీమీటరు తగ్గింది. గుంతలో పడ్డప్పుడల్లా ఆ సెంటీమీటరు నా నడుముకి తెలుస్తుంది. పక్క స్తంభాల మీద ఎయిర్‌బ్యాగ్ అన్న అక్షరాలు కూడా లేవు. ఆరనుకున్నవి రెండే.

ఇన్నేళ్ల వాడకంలో ఏది లోటనిపించిందంటే, నేననుకున్నవేవీ కావు. బయట వేయించిన స్క్రీన్ బాగానే పనిచేస్తోంది. సన్‌రూఫ్ మోజు మొదటి నెలతో సరి. తర్వాత నీళ్లు బయటికి పోయే సన్నటి గొట్టాలు చెత్తతో మూసుకుపోయి, వానకి ముందు స్తంభం పక్కనుంచి లోపలికి కారింది. రోజూ విసిగించేది వెనక వైపర్ లేకపోవడం. ఎస్‌యూవీ వెనక భాగం నిట్టనిలువుగా ఉంటుంది కదా, చక్రాలు లేపిన బురదంతా గాలి సుడికి వెనక్కి తిరిగొచ్చి ఆ అద్దానికే అంటుకుంటుంది. వాన రోజు రివర్స్ తీయాలంటే దిగి గుడ్డతో తుడవాల్సిందే. డ్రైవర్ సీటు ఎత్తు పెంచే లివరూ లేదు. మా ఆవిడ దిండు వేసుకుని నడుపుతుంది. ఆ దిండు చూసినప్పుడల్లా నా తెలివికి నాకే నవ్వొస్తుంది.

స్క్రీన్, కెమెరా, అలాయ్, సీటు కవర్లు ఎప్పుడైనా వేయించుకోవచ్చు. ఎయిర్‌బ్యాగులు, ఈఎస్‌సీ (కారు జారిపోకుండా అదుపులో ఉంచే ఎలక్ట్రానిక్ ఏర్పాటు), వెనక డిస్కులు, ఆల్ వీల్ డ్రైవ్ (నాలుగు చక్రాలకీ ఇంజన్ శక్తి అందడం) మాత్రం ఫ్యాక్టరీలో రావాలి. డబ్బు ఎక్కువ పెడితే వీటికే పెట్టాలి. ఆల్ వీల్ డ్రైవ్ అంటే స్టిక్కర్‌ని నమ్మొద్దు, మామూలు వేరియంట్లలో ముందు చక్రాలకే శక్తి వెళ్లే కారైతే వంగి వెనక ఇరుసు మధ్యన డిఫరెన్షియల్ (చక్రాలకి శక్తి పంచే గేర్ల డబ్బా) ఉందో లేదో చూడండి. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ దీపం కొన్ని సెకన్లు వెలిగి ఆరిపోవాలి. అసలు వెలగకపోతే ఎవరో దాన్ని చంపేశారేమోనని అనుమానించాల్సిందే.

17 అంకెలు, అక్షరాల ఛాసిస్ నంబరు పట్టుకుని కంపెనీ సర్వీస్ సెంటర్‌లో అడిగితే ఏ వేరియంటో చెప్పారు. అయిదు నిమిషాల పని. బ్రోచర్ చూస్తే మాత్రం ఆ కారు తయారైన సంవత్సరానిదే చూడాలి. అదే వేరియంట్ పేరుతో ఏటా ఇచ్చేవి మారుతుంటాయి. ఫేస్‌లిఫ్ట్ (పాత మోడల్‌కే మెరుగులు దిద్ది మళ్లీ తేవడం) తర్వాతి మిడ్‌లో ఉన్నవి, అంతకుముందు టాప్‌లో లేకపోవచ్చు.

కారుకి అయిదుకి నాలుగిస్తాను. నా కొనుగోలుకి రెండు.

ఇప్పుడు అమ్మకానికి పెడుతున్నాను. ముందు ఆ బ్యాడ్జీ పీకేశాను. దాని కింద పెయింట్ మీద అసలు వేరియంట్ పేరు, అక్షరం అక్షరం, మచ్చలా అలాగే ఉంది.