ఆప్టికల్ నెట్‌వర్క్‌లలో సర్క్యూట్ స్విచింగ్, బర్స్ట్ స్విచింగ్: ఒక పోలిక

సర్క్యూట్ స్విచింగ్‌లో రెండు కొసల మధ్య ఒక తరంగదైర్ఘ్యాన్ని (ఫైబర్‌లో డేటాను మోసే ఒక కాంతి రంగును) ముందే కేటాయించి, అది ఖరారైనట్టు జవాబు అందాకే డేటాను పంపుతారు. ఫైబర్‌లో కాంతికి కిలోమీటరుకు సుమారు 5 మైక్రోసెకన్లు పడుతుంది కాబట్టి, 1,000 కిలోమీటర్ల దారిలో ఈ రాకపోకలకే 10 మిల్లీసెకన్లు గడిచిపోతాయి. సెకనుకు 10 గిగాబిట్ల వేగంతో ఒక మెగాబైటు పంపడానికైతే ఒక్క మిల్లీసెకను కూడా పట్టదు. గంటల తరబడి నిలకడగా సాగే ప్రవాహానికి ఈ ఆలస్యం లెక్కలోకి రాదు గానీ, విడతలుగా వచ్చే డేటాకు దండగే.

బర్స్ట్ స్విచింగ్‌లో ఆ నిరీక్షణ లేదు. అంచు నోడ్ (డేటా నెట్‌వర్క్‌లోకి ప్రవేశించే చోటి పరికరం) ఒకే గమ్యానికి వెళ్ళే ప్యాకెట్లను, అంటే డేటా ముక్కలను, ఒక బర్స్ట్‌గా పోగుచేసి, దాని రాకను తెలిపే నియంత్రణ ప్యాకెట్‌ను వేరే తరంగదైర్ఘ్యంపై ముందుగా పంపి, మధ్యలోని స్విచ్‌లు సర్దుకునేంత వ్యవధి ఇచ్చి, జవాబు కోసం ఆగకుండా బర్స్ట్‌ను వదులుతుంది. చిక్కల్లా రెండు బర్స్ట్‌లు ఒకే తరంగదైర్ఘ్యానికి పోటీపడినప్పుడే. కాంతిని కావలసినంతసేపు నిల్వచేసే మెమరీ లేనందున, ఒకదాన్ని మరో తరంగదైర్ఘ్యానికి మార్చాలి, లేదా ఫైబర్ చుట్టల్లో తిప్పి కొంత ఆలస్యం చేయాలి. అదీ కుదరకపోతే ఆ బర్స్ట్‌ను వదులుకోవాలి. పరిశోధనల్లో ఎంతో ఆదరణ పొందిన ఈ పద్ధతి వాణిజ్య నెట్‌వర్క్‌లలో పెద్దగా స్థిరపడకపోవడానికి ఈ నష్టమే ముఖ్య కారణమని నా అభిప్రాయం. సర్క్యూట్ స్విచింగ్ మాత్రం, కాంతిని మళ్ళించే సూక్ష్మ అద్దాల స్విచ్‌ల రూపంలో, గూగుల్ డేటా సెంటర్లలోనూ చోటు సంపాదించుకుంది.