కంకర క్రషర్ సీఎఫ్‌ఓ పునరుద్ధరణ: ఒక పర్యావరణ కన్సల్టెన్సీ సేవపై నా సమీక్ష

సంగారెడ్డి జిల్లాలోని మా కంకర క్రషర్‌కు నిర్వహణ సమ్మతి, అంటే అందరూ సీఎఫ్‌ఓ అనే పత్రం, గడువు దగ్గరపడటంతో పునరుద్ధరణ పనిని హైదరాబాద్‌లోని ఒక కన్సల్టెన్సీకి అప్పగించాము. 1981 నాటి వాయు చట్టం 21వ సెక్షన్ ప్రకారం కాలుష్య నియంత్రణ మండలి ముందస్తు సమ్మతి లేనిదే పరిశ్రమను నెలకొల్పకూడదు, నడపకూడదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2016 వర్గీకరణలో స్టోన్ క్రషర్లను ఆరెంజ్ విభాగంలో, అంటే ఓ మోస్తరు కాలుష్యం కలిగించే పరిశ్రమల్లో చేర్చింది కనుక, మాది చిన్న యూనిట్ అన్నంత మాత్రాన మినహాయింపు దొరకదు.

గతంలో ఈ పని చేసిన వేరొక సంస్థ క్రషర్ ముఖమైనా చూడకుండా, స్ప్రింక్లర్లు సక్రమంగా పనిచేస్తున్నాయని రాసి దరఖాస్తు పెట్టింది. అది తప్పని తెలిసీ నేను సంతకం చేశాను. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

ఈసారి వచ్చిన ఇంజనీరు కాగితాలు అడగలేదు. నేరుగా పెద్ద రాళ్లను నలగ్గొట్టే జా క్రషర్ దగ్గరికి వెళ్లి నీళ్లు వదలమన్నారు. ఆరు నాజిళ్లలో రెండు బోరు నీటి ఉప్పు పట్టి పూడిపోయాయి, ఒకదాని నుంచి నీరు తుంపరగా కాక ధారగా కారుతోంది. ధారగా పడితే రాయి తడుస్తుందే తప్ప పైకి లేచే దుమ్ము అణగదని ఆయన అక్కడే చూపించారు. కన్వేయర్ చివర కంకర పడే ఎత్తు తగ్గించడం, కంకరను జల్లించే స్క్రీన్ చుట్టూ రేకుల సందులు మూయించడం, గాలివాటున అడ్డుగోడ, ఆవరణలో గట్టి రోడ్డు, సరిహద్దు వెంట చెట్లు ఎందుకు తప్పనిసరో ఒక్కొక్కటిగా వివరించారు.

చాలామంది యజమానులు పొరబడే సంగతి కూడా ఆయన తేటతెల్లం చేశారు. యంత్రాలకు 3 నుంచి 10 మీటర్ల దూరంలో గాలిలో తేలే ధూళి ఘనపు మీటరుకు 600 మైక్రోగ్రాములు దాటకూడదన్నది క్రషర్‌కు పెట్టిన ప్రమాణం. ఊళ్లో జనం పీల్చే గాలికి 2009 ప్రమాణాల ప్రకారం పీఎం10, అంటే 10 మైక్రాన్లు, అంతకంటే సన్నని ధూళి, ఇరవైనాలుగు గంటల సగటు పరిమితి 100 మైక్రోగ్రాములు మాత్రమే. మొదటిది నెగ్గినంత మాత్రాన రెండోదాని సంగతి తేలిపోయినట్టు కాదు.

లోపాలూ ఉన్నాయి. గాలిలో ధూళిని కొలిచే శాంపిలర్‌ను వాన కురిసిన మర్నాడే తెచ్చి పెట్టారు. నేల తడిగా ఉన్న రోజు వచ్చే అంకె మా క్రషర్ నిజస్థితిని చెప్పదని పట్టుబట్టి, పొడి రోజున మళ్లీ కొలిపించుకున్నాను. ల్యాబ్ ఖర్చు వేరుగా ఉంటుందని కొటేషన్‌లో రాయకపోవడం కూడా సరైన పద్ధతి కాదు.

చట్టం మండలికి నాలుగు నెలల గడువు ఇస్తుండగా, మాకు మూడో నెలలోనే సమ్మతి వచ్చింది. ఐదుకు నాలుగు ఇస్తున్నాను. వీరి దగ్గరికి వెళ్లేవారు సైట్ పరిశీలన, పొడి రోజున కొలత, ల్యాబ్ ఫీజు ఈ మూడింటినీ ఒప్పందంలో ముందే రాయించుకోవాలి.