సబ్సిడీ మూడింటికి, లాభం రెండింటికి

అంబాజీపేటలో మా డాబా మీద రెండు కిలోవాట్ల సోలార్ పెట్టించి ఏడాది దాటింది. "బిల్లు సున్నా వస్తోందా?" అనే అడుగుతున్నారు అందరూ. రావట్లేదు. కావాలనే అలా పెట్టించాను.

కొటేషన్ ఇచ్చినబ్బాయి "ఆయ్, మూడు పెట్టించేయండి మేడంగారూ, సబ్సిడీ మొత్తం 78 వేలూ వచ్చేద్దండి" అని ఒకటే పోరు. లెక్కల టీచర్ని, కాగితం తీశాను. ఏసీ, మోటారుతో మాకు నెలకు మూడొందల యూనిట్లు కాలతాయి. మన ఆంధ్రప్రదేశ్‌లో ఇళ్లకి మొదటి 30 యూనిట్లు రూ.1.90, 75 దాకా 3, 125 దాకా 4.50, 225 దాకా 6, ఆపైన 400 దాకా 8.75. ఆ లెక్కన యూనిట్లకే 1,673 రూపాయలు. ఫిక్స్‌డ్ చార్జీ, సర్దుబాట్లు వేరే.

కిలోవాటుకి రోజుకి సుమారు నాలుగు యూనిట్లు, నెలకు 120. సోలార్ ముందు కోసేది పైనున్న ఖరీదైన యూనిట్లని. అందుకే మొదటి కిలోవాటు నెలకు 926 రూపాయలు మిగిలిస్తుంది, రెండోది 600. మూడోది? దానికి మిగిలేవి అడుగునున్న అరవై చవక యూనిట్లే, 147! పైగా కేంద్రం సూర్యఘర్ పథకంలో మొదటి రెండింటికీ ముప్పై వేల చొప్పున ఇస్తే, మూడోదానికి 18 వేలే. మాకు రెండింటి ధర 1,35,000. సబ్సిడీ పోను 75 వేలు, నాలుగేళ్లు దాటగానే తీరిపోతుంది. మూడోదానికి ఇంకో యాభై వేలు అడిగారు. సబ్సిడీ పోను 32 వేలు, ఆ ఒక్కటీ తీరడానికి పద్దెనిమిదేళ్లు పడుతుంది. వానాకాలం ముసురు పట్టినప్పుడు యూనిట్లు తగ్గుతాయి, అది కలపకుండానే ఈ లెక్క.

పనితనానికి మాత్రం మార్కులు తక్కువే. మొదట రంగేసిన ఇనుప ఫ్రేములు తెచ్చి బిగించేశారు. తొలి వానలకే బోల్టుల దగ్గర్నుంచి తుప్పునీళ్లు కారి, పిట్టగోడ సున్నం మీద నారింజరంగు చారలు దిగాయి. ఉప్పుగాలి కొట్టే ఊళ్లలో జింకులో ముంచి పూత పట్టించిన ఫ్రేములు, స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులూ రాయించుకోండి. పోట్లాడితే మార్చారు. దక్షిణాన ఉన్న కొబ్బరిచెట్టు కొట్టించమని కూడా అన్నారు, ఒక్క పలక మీద మట్ట నీడ పడినా ఆ వరసంతా డీలా పడుతుందని. కాయకొచ్చిన చెట్టండీ! పలకల్నే ఉత్తరం అంచుకి జరిపించాను.

ఇంకోటి, బ్యాటరీ లేని ఈ రకం సోలార్, లైనులో కరెంటు పోతే మిట్టమధ్యాహ్నం ఎండలోనైనా ఆగిపోతుంది. లైను మీద పనిచేసేవాళ్లకి షాకు కొట్టకుండా ఆ ఏర్పాటు. కాబట్టి తుఫాను రోజుల్లో దీన్ని నమ్ముకోకండి.

మా చెల్లి కూడా పెట్టించుకుంటానంది. వాళ్లింట్లో వంద యూనిట్లు కాలతాయి, అంటే యూనిట్లకి మూడొందల చిల్లర. వద్దన్నాను. ఆ డబ్బుల్లో కొంత పెట్టి, పొద్దస్తమానం గుర్రుమంటున్న ఆ పాత ఫ్రిజ్ మార్చుకోమన్నాను.